సత్తెమ్మ కొలత పడవలు

తాతాజీ మీద నాకు ప్రత్యేకమైన అభిమానమేమీ లేదు. ఈ మాట ముందే చెప్పేస్తే తర్వాత ఇబ్బంది ఉండదు. మనిషికి పొగరు జాస్తి. ఎదుటివాడి మాటను సగంలో ఆపేసి మిగతా సగం తనే చెప్పేస్తాడు. కానీ రాజోలు వైపు వశిష్ఠ ఒడ్డున చేతిపడవ కావాలంటే ఇప్పటికీ ఆయన పాకకే వెళ్లాలి. ఇంజన్లు బిగించే పెద్ద పడవలు కాదు, ఒకరో ఇద్దరో కూర్చుని తెడ్డు వేసుకుంటూ పోయే చిన్న చెక్క పడవలు. లంకలో అరటితోట వేసుకున్న రైతు, గేదెలకు గడ్డి కోసుకొచ్చే ఆడమనిషి, చేపల చెరువులో మేత చల్లే కూలీ, వీళ్లే ఆయన ఖాతాదార్లు.

నా పేరు శివరామ్. ఏటిపాయకు అవతల చినలంక అనే చోట బడిపంతుల్ని. ఇవతలి రేవు పక్కనే ఇల్లు. రోజూ పెదబాబు నడిపే ఫైబరు మోటారు బోటులో వెళ్లి వస్తుంటాను. ఆ ఒక్క కారణంగా తాతాజీ నన్నెప్పుడూ పూర్తి మనిషిగా లెక్కపెట్టలేదు.

"మేష్టారండీ, ఆ ప్లాస్టిక్ డబ్బా ఎక్కి వెళ్లి మీరు పిల్లలకేం చెప్తారండి?" అని అడుగుతాడు పొద్దున్నే, నమస్కారానికి బదులు.

"మీ పడవ కొనుక్కుంటే తెడ్డెవరు వేస్తారండి? నాకు రాదు కదా."

"రాకపోతే నేర్చుకోవాలండి. మీకు అక్షరాలు పుడతానే వచ్చేసేయా?"

మా స్నేహం ఇంతవరకే.

ఆయన పని పద్ధతి గురించి మాత్రం చెప్పుకోవాలి. కాగితం మీద బొమ్మ గీయడు, టేపు పట్టుకోడు. పడవ కన్నా ముందు మనిషిని కొలుస్తాడు. అదీ డబ్బిచ్చే మనిషిని కాదు, తెడ్డు వేసే మనిషిని. పాక ముందు ఇసకలో కాళ్లు చాపి కూర్చోమంటాడు. నడుము నుంచి మడమ దాకా ఎంత, మోకాలు మడిస్తే ఎంత ఎత్తు లేస్తుంది, చేతులు రెండు పక్కలా చాపితే ఎంత దూరం, అన్నీ ఒక వెదురుబద్ద మీద గాట్లు పెట్టుకుంటాడు. కూర్చునే అడ్డచెక్క ఎక్కడ పడాలి, కాళ్లు తన్నిపెట్టుకునే కర్ర ఎక్కడ రావాలి, పక్కలు ఎంత ఎత్తుండాలి, ఇవన్నీ ఆ బద్దలోంచే వస్తాయి. పని అయ్యాక కూడా బద్దను పారెయ్యడు, పాక చూరులో దోపుతాడు. తలెత్తి చూస్తే ఈ చుట్టుపక్కల తెడ్డు పట్టిన జనాభా అంతా ఆ చూరులో ఉంటుంది.

"చొక్కా కుట్టేవాడు కొలత తీసుకోడాండి?" అంటాడు ఎవరైనా నవ్వితే. "చొక్కా బిగుతైతే గుండీ ఊడుద్ది. పడవ బిగుతైతే మనిషే ఊడిపోతాడండి."

పక్కలకు నిద్రగన్నేరు చెక్క వాడతాడు, లోపలి వంపు కర్రలకు నల్లతుమ్మ. చెక్కల సందుల్లో నార కుక్కి, గుగ్గిలం వేపనూనెలో మరిగించి పూస్తాడు. ఆ రోజున రేవులో నిలబడితే కళ్లు మండుతాయి. పడవ పూర్తయ్యాక నీళ్లలోకి దించడు, ముందు పడవలోనే నీళ్లు పోస్తాడు. బయటివైపు చెమ్మ కనిపించిన చోటల్లా సుద్దముక్కతో గీత పెట్టుకుని మళ్లీ నార కుక్కుతాడు. ఆ సుద్దముక్క మా బడిది. అడక్కుండా నా జేబులోంచి తీసుకుంటాడు.

ఇంకొక పద్ధతి కూడా ఉంది. డబ్బిస్తే ఆయన దగ్గర బేరం కుదిరినట్టు కాదు. తమలపాకులు, వక్క, కొబ్బరికాయ పళ్లెంలో పెట్టి తాంబూలం ఇవ్వాలి. తాంబూలం పుచ్చుకున్నాడంటే ఆ పడవ ఇక ఆ మనిషిదే. ఒకసారి కాట్రేనికోన నుంచి రొయ్యల చెరువుల ఆసామి ఒకాయన కారేసుకుని వచ్చి, గడ్డి కోసే ముసలమ్మ కోసం తయారైన పడవను పట్టుకుపోతానని పట్టుబట్టాడు. "ఆవిడ ఆకొక్క ఇచ్చేసేరండి" అని తాతాజీ మళ్లీ చిత్రిక పట్టడంలో పడ్డాడు. ఆసామి ఎంత ఆశ చూపించినా తల పైకెత్తలేదు. ఆ మాట ఊరంతా చెప్పుకున్నారు. చెప్పుకోనివాళ్లకు తాతాజీయే చెప్పాడు.

ఇంత మాట మీద నిలబడే మనిషి ఒక్కరి విషయంలో మాత్రం నలభై ఏళ్లుగా మాట తప్పుతూనే వచ్చాడు. ఆవిడ పేరు సత్తెమ్మ. ఆయన భార్య.

సత్తెమ్మ పుట్టిల్లు చినలంక. పెళ్లికి ముందు రోజూ పాలక్యాన్లు పడవలో వేసుకుని ఇవతలి ఒడ్డుకు తెచ్చేదట. అలా తెడ్డు వేస్తున్న పిల్లను చూసే తాతాజీ ఇష్టపడ్డాడని, ఆ సంగతి ఆయన ఒప్పుకోడని, ఊళ్లో అనుకుంటారు. పెళ్లయిన ఏడాదే ఆమెను ఇసకలో కూర్చోబెట్టి కొలత తీసుకున్నాడు. బద్ద మీద గాట్లు పెట్టి, నీ పడవ నీకు చేసిస్తాను, ఎప్పుడు కావాలంటే అప్పుడు మీ అమ్మ దగ్గరకు పోయి రావచ్చు అన్నాడు. ఇవతల గుమ్మంలో నిలబడితే అవతల పుట్టింటి కొబ్బరిచెట్లు కనిపిస్తాయి. పడవ లేకపోతే మాత్రం ఎవరో ఒకరిని బతిమాలుకోవాలి. పెళ్లయిన ఆడపిల్ల అమ్మను చూడ్డానికి రోజూ పరాయివాళ్లను బతిమాలుకోదు. అందుకే ఆమె ఆ పడవ మీద ఆశ పెట్టుకుంది.

పడవ మొదలైంది. సగం అయ్యేసరికి లంక రైతొకాయన తాంబూలం పట్టుకొచ్చాడు. వచ్చిన బేరాన్ని కాలదన్నుకుంటామా అన్నాడు తాతాజీ. తర్వాతది నీదే అన్నాడు. తర్వాతది కూడా అలాగే పోయింది. పనిలేని రోజుల్లో ఆయన చేతులూరుకోక పడవ మొదలుపెడితే అది ఎప్పుడూ సత్తెమ్మ పేరు మీదే మొదలయ్యేది. పూర్తయ్యేసరికి ఇంకొకరిదయ్యేది. తాంబూలం ఇవ్వనిదే పడవ ఎవరిదీ కాదు. పెళ్లాం మొగుడికి తాంబూలం ఎందుకిస్తుంది? పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదు అన్న సామెత ఇలాంటి ఇళ్లలోనే పుట్టి ఉంటుంది.

దీనివల్ల ఒక తమాషా జరిగింది. సగం కట్టిన పడవను సాగదీయడం కుదరదు కదా. కొత్తగా వచ్చినవాడిని లాంఛనంగా ఇసకలో కూర్చోబెట్టి, "సరిగ్గా సరిపోద్దండి, మీకోసమే చేసినట్టుంది" అని సత్తెమ్మ కొలత పడవనే అంటగట్టేవాడు. చొక్కా గుండీల నీతి ఆ పూటకి చూరెక్కేది. రేవులో తాటిచెట్లలాంటి మగాళ్లు మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని తెడ్డు వేస్తుంటే, కొత్తగా వచ్చినవాళ్లు ఈ ఏట్లో ఇలాగే వేస్తారు కాబోలు అనుకునేవాళ్లు. సురేంద్ర అనే అరటి రైతు ఏళ్ల తరబడి అలాంటి పడవలో తిరిగి నడుంనొప్పి తెచ్చుకున్నాడు. సత్తెమ్మను రేవులో చూసినప్పుడల్లా, "అక్కా, నీ పడవ నన్ను చంపేస్తందే" అనేవాడు. ఆవిడ నవ్వేది. అప్పట్లో నవ్వేది.

కిందటి మాఘంలో ఒక ఉదయం నేను బడికి బయల్దేరి రేవుకి వచ్చేసరికి సత్తెమ్మ అప్పటికే అక్కడుంది. జుట్టు ముడి ఊడిపోయి ఉంది. లంకలో తల్లి దగ్గర ఉండే చెల్లెలు నాగదుర్గ ఫోన్ చేసిందట, అమ్మకు ఊపిరి అందడం లేదు, వెంటనే రమ్మని. తాతాజీ చెక్క కొనడానికి తెల్లారకుండానే జొన్నాడ వెళ్లాడు. పెదబాబు బోటును పెళ్లికి ముందు ఫొటోలు తీసుకునే జంట ఒకటి మాట్లాడుకుంది. దానికి పూలు, గొడుగులు కట్టి కిందికి, అంతర్వేది వైపు తీసుకుపోయారు. అది మధ్యాహ్నానికి గానీ రాదు.

రేవులో పడవలకేమీ కొదవ లేదు. వరసగా కట్టేసి ఉన్నాయి. దొంగల భయంతో ఈమధ్య అందరూ గొలుసులు, తాళాలు వేసి పోతున్నారు. ఆ పడవల వాళ్లు ఒకరు రాజోలు సంతలో, ఒకరు చెరువు మీద, ఒకరు ఎక్కడున్నారో తెలియదు. సత్తెమ్మ ఒక్కో పడవ దగ్గరకు వెళ్లి తాళం పట్టుకుని చూసింది. ఒక గొలుసును రెండు చేతులతో పట్టి లాగింది. అది ఊడలేదు. ఏరు ఆ రోజు పళ్లెంలో పోసిన నీళ్లలా కదలకుండా ఉంది. ఒక్క పడవ దొరికితే కాసేపట్లో దాటేసే ఏరు. ఆ పడవల్లో సగం ఆమె కాళ్ల కొలతకు, ఆమె చేతుల కొలతకు కట్టినవే.

నాకు తెలిసిన నాలుగైదు నంబర్లకు నేనూ ఫోన్ చేశాను. ఒక్కరూ దొరకలేదు. ఆమె తాతాజీకి చేస్తూనే ఉంది. చివరికి ఫోను ఒళ్లో పెట్టుకుని ఇసకలో కూర్చుండిపోయింది. అవతల పుట్టింటి ముందు జనం గుమిగూడడం ఇవతలికి కనిపించింది. తర్వాత ఏడుపు కూడా వినిపించింది. నీటి మీద శబ్దం బాగా వస్తుంది. ఆ ఏడుపు విన్నాక సత్తెమ్మ మళ్లీ ఫోను ముట్టుకోలేదు. ఇంకెవరికి చేసినా ఏం లాభం లేదని ఆమెకు తెలిసిపోయింది. నాకు ఆ రోజు చాలా బాధ కలిగింది. ఈ కథలో నా బాధ గురించి ఇంతకన్నా చెప్పను.

సాయంత్రం శ్మశానం నుంచి వచ్చాక తాతాజీ లంకలో అత్తవారి అరుగు మీద కూర్చుని నలుగురికీ వినపడేలా, "జొన్నాడలో సిగ్నల్ లేదండి, ఉంటే రెక్కలు కట్టుకుని రానా" అన్నాడు.

"మోగిందండి" అంది సత్తెమ్మ లోపలి నుంచి. "మీ ఫోను మోగడం నాకు వినిపించింది. ఎత్తలేదు మీరు."

చెక్క బేరంలో ఉన్నప్పుడు ఆయన ఫోనెత్తడని ఊరందరికీ తెలుసు. తాతాజీ మాట మార్చి, "ఇదిగో, ఇప్పుడు మొదలెట్టే పడవ నీదే. అమ్మ మీద ఒట్టు" అన్నాడు. ఏ అమ్మ మీదో చెప్పలేదు.

అక్కడితో ఊరుకుంటే ఈ కథ లేదు. తల్లి పోయింది, సరే. చెల్లెలు ఇంకా అక్కడే ఉంది. నాగదుర్గ భర్త పోయిన మనిషి. రెండు గేదెలు, ఇల్లు, కొంచెం దొడ్డి. ఆ దొడ్డిని ఏరు ఏటా కొంచెం కొంచెం కోసుకుపోతోంది. రమ్మంటే రాదు. ఆ మనిషికి ఏదైనా అయితే మళ్లీ ఇవతల ఇసకలో ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి. సత్తెమ్మ దానికి సిద్ధంగా లేదు. ఈ మాట ఆవిడ ఎవరితోనూ అనలేదు. నేను ఊహించుకున్నాను, సరిగ్గానే ఊహించానని తర్వాత తెలిసింది.

ఫాల్గుణంలో ఒక ఆదివారం పొద్దున తాతాజీ పాకలో అడుగుచెక్కలు పరిచిన కొత్త పడవ ఒకటుంది. సత్తెమ్మకని మొదలుపెట్టిందే. సురేంద్ర తన నడుంనొప్పితో విసిగిపోయి కొత్త పడవ కోసం వచ్చి కూర్చున్నాడు. ఇంటి దగ్గర పళ్లెం, ఆకులు సిద్ధంగా ఉన్నాయట, మాట కుదిరితే తెచ్చేస్తానన్నాడు. తాతాజీ కూడా ఆ అడుగుచెక్కల వైపు చూసి గొంతు సవరించుకున్నాడు. నేను సుద్దముక్కల విషయం తేల్చుకుందామని వెళ్లి అక్కడే ఉన్నాను.

అప్పుడు సత్తెమ్మ ఇంట్లోంచి బయటికొచ్చింది. పాకకు ఇంట్లోంచి సరాసరి దారుంది. ఆ దారిన రాలేదు. పెరటి వైపు నుంచి బయటపడి, వీధి చుట్టూ తిరిగి, ఖాతాదార్లు వచ్చే రేవు దారిలోంచి వచ్చింది. ఉతికిన చీర కట్టుకుంది. చేతిలో పళ్లెం, పళ్లెంలో తమలపాకులు, వక్క, కొబ్బరికాయ.

పాక ముందు నిలబడి, "ఏవండీ, పడవ చేయించుకుందామని వచ్చేనండి" అంది.

తాతాజీకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వబోయి ఆగిపోయాడు. "ఏంటే ఇది, నలుగుర్లో" అన్నాడు.

"నలుగుర్లోనే కదండి ఇస్తారు తాంబూలం."

"నీది నీకు చేస్తానన్నాను కదా. నీకూ నాకూ మధ్య ఆకులొక్కలేంటి?"

"అవి లేకే కదండి ఇన్నాళ్లూ" అంది సత్తెమ్మ. గొంతు పెంచలేదు. "పుచ్చుకుంటారా, లేక ఇంకో మేస్త్రిని చూసుకోమంటారా?"

ఆ చుట్టుపక్కల ఇంకో మేస్త్రి లేడు. అయినా ఆ మాట తాతాజీకి తగలాల్సిన చోటే తగిలింది. పెళ్లాం ఇంకెవరి చేతో పడవ చేయించుకుందంటే ఊళ్లో తల ఎత్తుకోగలడా? సురేంద్ర వైపు చూశాడు. సురేంద్ర లేచి, "మాదేముంది బావా, అక్కది ముందు" అని వెనక్కి తగ్గి, నడుం పట్టుకుని మళ్లీ కూర్చున్నాడు. తాతాజీ చేతులకంటిన రంపంపొట్టు పంచెకు తుడుచుకుని పళ్లెం అందుకున్నాడు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. సత్తెమ్మకు అడగడం ఎలాగో తెలియడానికి నలభై ఏళ్లు పట్టింది.

"కొలత తీసుకోండి" అందామె.

"కొలత ఉందిగా" అని చూరులోంచి ఒక బద్ద లాగాడు. పొగచూరి నల్లబడిపోయిన బద్ద. ఎన్ని బద్దల మధ్య ఉన్నా చూడకుండానే తీయగలిగాడు.

"తెడ్డేసే మనిషి ఇసకలో కూర్చోవాలని కదండి మీ పద్ధతి" అని ఆమె ఇసకలో కూర్చోబోయింది. వెంటనే కూర్చోలేకపోయింది. ఒక చెయ్యి నేలకానించి, కుడికాలు పక్కకు చాపి, మెల్లగా దిగింది. ఆ మోకాలు కొన్నేళ్లుగా మడత పడదు. రోజూ ఆమెను చూసే మాకెవరికీ అది కొత్త సంగతి కాదు. తాతాజీ బద్దను ఆమె కాలి పక్కన పెట్టాడు. మోకాలు ఎత్తు గాటు దగ్గర ఆగాడు. ఆ కాలుకి అసలు ఎత్తే లేదు. నడుము దగ్గర పెట్టాడు, అక్కడా కుదరలేదు. చేతులు చాపమన్నాడు. ఎడమ భుజం ఒక హద్దు దాటి లేవలేదు. బద్దను ఇటు తిప్పి, అటు తిప్పి చూశాడు, తప్పు బద్దది అన్నట్టు.

"ఇది నీది కాదేమో" అన్నాడు చివరికి.

"నాదేనండి. అప్పటిది."

తాతాజీ కొత్త బద్ద చీల్చుకున్నాడు. ఎప్పుడూ చకచకా గాట్లు పెట్టేసే మనిషి ఆ రోజు చాలాసేపు తీసుకున్నాడు. మోకాలు ఎక్కడ నొప్పో, చెయ్యి ఎంతవరకు వస్తుందో అడిగాడు. ఆమె చెప్పింది. భార్యాభర్తలు అంతసేపు మాట్లాడుకోగా నేనైతే అంతకు ముందు చూడలేదు. మేం అక్కడ ఉండడం బాగోదనిపించి సురేంద్రా, నేనూ లేచి వచ్చేశాం.

పరిచిన అడుగుచెక్కలను ఊడదీసి పక్కన పెట్టి, కొత్తగా మొదలుపెట్టాడు. కుడికాలు చాపుకునేందుకు ముందువైపు చోటు వదిలాడు. వంగి ఎక్కనవసరం లేకుండా ఒక పక్క కొంచెం పల్లం చేశాడు. తెడ్లు తేలికగా ఉండాలని రెండుసార్లు చెక్కాడు. ఇద్దరు కూర్చునేలా చేస్తానని ఆయన అంటే, "ఒక్కదానికేనండి. రెండో మనిషి ఎవరు?" అంది సత్తెమ్మ. ఖాతాదారు మాట ఖాయం కాబట్టి ఒక్కదానికే చేశాడు.

చైత్రంలో, మాకు ఒంటిపూట బడులు నడుస్తుండగా, ఒక ఆదివారం పడవ నీళ్లలోకి దిగింది. దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, సత్తెమ్మ ఎక్కి కూర్చుంది. ఆ కాలు ఎక్కడ ఉండాలో సరిగ్గా అక్కడ ఉంది. తాతాజీ మొలలోతు నీళ్లలో నిలబడి, "ఎడమ తెడ్డు తక్కువెయ్యి, పాటు నీరు సముద్రం వైపు లాగుతది, ముక్కు ఎగువకి పెట్టు" అని పాయ సగం దాటేదాకా అరుస్తూనే ఉన్నాడు. ఆమె వెనక్కి తిరగలేదు. పడుచుతనంలో వేసిన తెడ్డు కాబట్టి మొదట్లో కాస్త తడబడింది. తర్వాత చేతులకు జ్ఞాపకం వచ్చినట్టుంది. మధ్యాహ్నం పోటు నీటి మీద వచ్చేస్తానని చెప్పి వెళ్లింది.

మధ్యాహ్నం అయింది. పోటు వచ్చింది, సత్తెమ్మ రాలేదు. ఆ కాలంలో మధ్యాహ్నానికల్లా సముద్రం వైపు నుంచి గాలి లేస్తుంది. ఆ రోజు గట్టిగానే లేచింది. నీళ్ల మీద నురగ కనిపిస్తోంది. సాయంత్రం నేను రేవుకి వెళ్లేసరికి తాతాజీ అక్కడే ఉన్నాడు. పొద్దుట తడిసిన పంచె ఒంటి మీదే ఆరిపోయింది. అన్నానికి కూడా ఇంటికి వెళ్లలేదట.

"ఫోను మంచం మీద పెట్టేసి పోయిందండి" అన్నాడు నన్ను చూసి. "నాగదుర్గది స్విచ్చాఫ్ అంటంది. పడవ కనపడ్డం లేదు. మీ కళ్లద్దాలతో ఏమన్నా కనపడుతుందేమో చూడండి."

చూశాను. ఏమీ కనపడలేదు. "మీ పడవ కదండి, ఏమవుతుంది?" అన్నాను ధైర్యం చెబుదామని.

"పడవ బానే ఉంటదండి" అన్నాడు. "మనిషికి మోకాలు బాగోదు." ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డట్టుంది ఆయన మొహం. నాకు నవ్వు రాలేదు.

పెదబాబు చివరి ట్రిప్పు వేసి బోటు కడుతున్నాడు. తాతాజీ అటు ఒకసారి చూశాడు, ఏటి వైపు చూశాడు, మళ్లీ అటు చూశాడు. వాళ్లిద్దరి మధ్య ఏళ్లుగా మాటల్లేవు. "మేష్టారండీ, మీరు ఓ మాట చెప్పండి అతనికి" అన్నాడు నెమ్మదిగా.

నేను చెప్పే అవసరం రాలేదు. పెదబాబు అంతా వింటూనే ఉన్నాడు. "ప్లాస్టిక్ డబ్బాండి ఇది, మీకు పడదేమో" అన్నాడు. అనాల్సిందే, అన్నాడు. తాతాజీ కాలు పైకెత్తి బోటులోకి ఎక్కాడు. అంచు పట్టుకుని, తల దించుకుని, మధ్యలో కూర్చున్నాడు. నన్నూ రమ్మన్నాడు, వెళ్లాను. గాలికి బోటు ఎగిరి పడుతుంటే ఆయన పెదవులు కదులుతున్నాయి. మొక్కుకుంటున్నాడో, తిడుతున్నాడో తెలియలేదు.

లంక రేవులో, గాలి తగలకుండా గట్టు చాటున, సత్తెమ్మ పడవ గుంజకు కట్టి ఉంది. చుక్క నీరు లేదు అందులో. తెడ్లు రెండూ లోపల పేర్చి ఉన్నాయి. తాతాజీ దాని అంచు ఒకసారి తడిమి, గట్టెక్కి వడివడిగా నడిచాడు. వెనక మేము.

నాగదుర్గ ఇంటి ముందు అక్కచెల్లెళ్లిద్దరూ చాప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నారు. లంకలో పొద్దుటి నుంచి కరెంటు లేదు, ఫోను అందుకే ఆగిపోయింది. గాలి చూసి, ఈ పూటకి వద్దులే, పొద్దున పోదాం అని సత్తెమ్మ ఆగిపోయింది. తెలివైన పని. ఏటి మనిషి చేసే పని.

"ఏవండీ, మీరొచ్చేరేంటి?" అంది ఆశ్చర్యపోయి.

"గాలేసింది కదా. పడవ ఎలా తట్టుకుందో చూద్దామని" అన్నాడు తాతాజీ.

"పడవ బానే ఉందండి. రేవులో చూసే వచ్చుంటారు."

"చూసేను."

అరుగు అంచున కూర్చున్నాడు. తల్లి పోయిన రోజు కూర్చున్న అరుగే. అంతకు ముందు ఎన్నేళ్లలో ఎన్నిసార్లు ఆ గుమ్మం తొక్కాడో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందరికీ పడవలు చేసిచ్చే మనిషికి ఏరు దాటడానికి ఎప్పుడూ తీరిక దొరకలేదు. అరచేతులు మోకాళ్ల మీద పెట్టుకుని వాటినే చూస్తూ ఉండిపోయాడు.

"పొద్దున్నించీ అక్కడే ఉన్నానే" అన్నాడు చివరికి. మా ముందు అంటున్నానన్న ధ్యాస కూడా ఆయనకు లేదు. "ఫోను చేస్తే పలకదు. ఏట్లో చూస్తే కనపడవు. అవతల ఏం జరుగుతుందో తెలీకుండా అలా ఒడ్డున నిలబడ్డం నా వల్ల కాలేదే సత్తెమ్మా."

సత్తెమ్మ చేతిలో చింతపండు పక్కన పెట్టింది. ఆయన వైపు చాలాసేపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, జాలి కూడా లేదు.

"ఆయ్. కష్టమేనండి" అంది.

తర్వాత లోపలికి తిరిగి, బావగారికి కాళ్లకు నీళ్లిమ్మని చెల్లెలితో చెప్పింది.